తొట్టిలో పోసిన ఆవకాయ

మా ఆవిడ వానపాముల తొట్టి పాడైంది పక్కింటావిడ వల్ల కాదు, నా వల్ల.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి గోదావరి వైపు నుంచి జహీరాబాద్ చేరాం. ఇక్కడ మా ఆవిడకు పక్కింటి ముస్లిం ఆవిడ ఒక్కతే స్నేహం. ఉర్దూలో అక్కా అన్నట్టు ‘ఆపా’ అని పిలిచేది. మా పెరట్లో తొట్టి పెట్టి, మొక్కల ఎరువు కోసం ఇద్దరూ కలిసి వానపాములను పెంచారు. ఆపా ఇంటి కూరగాయల తొక్కలు గోడ మీదుగా మా గిన్నెలో వచ్చేవి. ఆ గిన్నె అటు వెళ్లేటప్పుడు అందులో పచ్చడో పులిహోరో ఉండేది. ఖాళీ గిన్నె తిప్పి పంపడం మా ఆవిడకు చేతకాదు.

ఒక వేసవిలో ఆమె పుట్టింటికి వెళ్లింది. తొట్టి తడిపే పని ఆపాకు అప్పజెప్పింది. కొత్త ఆవకాయ వస్తుంది కదా అని నేను పాత జాడీ కడగబోయాను. అడుగున మిగిలింది చెత్తబండిలో వేయడానికి మనసొప్పలేదు. వానపాములు ఏదైనా తింటాయనుకుని తొట్టిలో పోశాను. ఉప్పు, కారం, ఆవపిండి. మర్నాటికి అవి అంచుల దాకా పాకి చచ్చి ఉన్నాయి.

ఆమె తిరిగొచ్చి అడిగితే, “ఆపా ఏదో వేసినట్టుంది” అన్నాను.

గొడవేం జరగలేదు. గిన్నె రాకపోకలు ఆగిపోయాయి, అంతే. తర్వాత ఆమె మంచం పట్టినప్పుడు, ఆపాను పిలవనా అని అడిగాను. వద్దని తల ఊపింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె పోయింది.

ఈమధ్య రాయికోడ్ రైతు దగ్గర వానపాములు తెచ్చి మళ్లీ తొట్టి నింపాను. ఒక్కడి వంటలో ఏం మిగులుతుంది? ఒక అరటితొక్క, నాలుగు బెండకాయ తొడిమలు. వానపాములు చిక్కిపోతున్నాయి. తొక్కలు అడుగుదామని ఆపా గుమ్మం దాకా వెళ్లాను. ముందు జరిగింది చెప్పకుండా అడగలేకపోయాను.

ఆవిడ అంతా విన్నది.

“నాకు అప్పుడే ఎరుక భయ్యా. ఆవాల వాసన గోడ దాటొచ్చింది. మీ ఇంట్ల లొల్లి ఎందుకని ఊకున్న. గిప్పుడు నాకు చెప్తే ఏమొస్తది? ఆమెకు చెప్పాల్సుండె.”

తలుపు మెల్లగా వేసుకుంది.

పొద్దున గోడ మీద స్టీలు గిన్నె కనిపించింది. నిండా సొరకాయ తొక్కలు. తొట్టిలో వేసి, గిన్నె కడిగి బోర్లించాను. అడుగున మా ఆవిడ పేరు చెక్కి ఉంది. ఇన్నేళ్లూ అది అక్కడే ఉండిపోయిందన్నమాట.

ఖాళీగా ఎలా ఇస్తాను? వంటింట్లో ఏముందా అని వెతుకుతున్నాను.