తాడు కదిలితే లాగు

పన్నెండు బారల లోతుకు ఒక్క గుక్కలో దిగి శంఖం తెచ్చిన మనిషి సందియాగు. మా రేవులో ఈ మాట ఆయన నోరు తెరవకముందే పిల్లలు అనేస్తారు, అన్నిసార్లు విన్నారు మరి. ఇరవైమూడో ఏట ఆయన వలంపురి శంఖం, లక్షల్లో ఒకటి దొరికే కుడి మెలిక శంఖం, తీశాడు. తుఫానులో తిరగబడ్డ పడవ కింద నుంచి నలుగురిని బయటికి లాక్కొచ్చాడు. మాత గుడి బడిలో మూడో తరగతి దాకా చదివిన అక్షరాలతో ఈ మూడు ఘనతలనూ ఇంటి తలుపు లోపలి వైపు బొగ్గుతో రాసుకున్నాడు. వానాకాలం చెమ్మకు చెరిగితే మళ్ళీ దిద్దుతాడు.

తలుపు మీదికి ఎక్కనిది కొడుకు చావు.

శంఖాలకు మునిగేవాడి నడుముకు కట్టిన తాడు కొస పడవలో పట్టుకునేది వాడి పెళ్ళాం అన్నో తమ్ముడో. తోబుట్టువు తాళి తన గుప్పిట్లో ఉందని తాడు పట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కింద ఉన్నవాడు మూడుసార్లు గుంజితే పైనున్నవాడు లాగాలి. సందియాగు కొడుకు అరుళప్పకు తాడు పట్టింది బావమరిది మిక్కేల్. అప్పటికి వాడికి పదిహేడేళ్ళు. అరుళప్ప వేళాకోళం మనిషి. ఉత్తినే గుంజి, పిల్లవాడు ఆదరాబాదరా లాగితే నీళ్ళ మీదికి తేలి పగలబడి నవ్వేవాడు. ఆ రోజు కూడా మూడుసార్లు గుంజాడు. "మళ్ళీ మొదలెట్టాడు బావ" అని మిక్కేల్ లాగలేదు. పడవ నడిపే తండేలు రాయప్పన్ అనుమానపడి తాడు లాక్కుని లాగేసరికి శవం వచ్చింది. కాలికి పాత వల ముక్క చుట్టుకుని ఉంది.

ఆ తరవాత రెండేళ్ళు మిక్కేల్‌ను ఏ పడవా పిలవలేదు. కల్లు తాగాడు, వీధిలో కొట్లాడాడు. చివరికి వలల పాకలోంచి మోకు చుట్ట ఒకటి మాయమైంది. తాగడానికి అమ్ముకున్నాడని అందరూ అనుకున్నారు.

"మావయ్యా, పోయిన మోకు కనిపించింది" అంది కోడలు సవేరియాల్, మిక్కేల్ అక్క, తాటిబెల్లం కాఫీ అందిస్తూ.

"ఎవడికి అమ్మాడట?"

"అమ్మలేదు. రేవు చివర రాళ్ళ మీద కూర్చుని నీళ్ళలోకి వదిలి పట్టుకున్నాడు. పొద్దుట్నుంచీ అంతే. నేను చేప ముక్క నోట్లో పెడితే తింటాడు గానీ మోకు మాత్రం వదలడు."

ఆయన కాఫీ తాగకుండానే లేచాడు.

మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టుంది. మిక్కేల్ తల తిప్పలేదు. మోకు అరచేతిలో ఒరుసుకుని పుండు పడింది.

"ఏంట్రా ఇది?"

"గుంజుతున్నాడు మావా. రోజూ. తాడు లేకపోతే నా చేతినే గుంజుతాడు. లాగితే నేను కట్టిన రాయే వస్తది."

సందియాగు మోకు మీద చెయ్యి వేశాడు. ఏమీ తగల్లేదు. అయినా వాడి భుజం మూడుసార్లు ముందుకు ఊగడం కళ్ళతో చూశాడు. 

మోకు వదిలి అన్నాడు. "రేపు నా తాడు పట్టు."

వాడు అప్పుడు ఆయన వైపు చూశాడు. "నావల్ల కాదు మావా. నీదేదో, బావదేదో నేను పోల్చుకోలేను."

"పోల్చమని ఎవడడిగాడు? తాడు కదిలితే లాగు. ఎవరు గుంజినా లాగు."

మర్నాడు ఒడ్డున రాయప్పన్ అడ్డం పడ్డాడు. "ఏం సందియాగూ, ఒక ఇంటికి ఒక శవం చాలదా?"

"నీ పడవలో నాకన్నా లోతు దిగినవాడుంటే చూపించు, వాడి మాట వింటాను."

సవేరియాల్ ముందుకొచ్చింది. మామగారి నడుముకు తానే ముడి వేసి, రెండో కొస తమ్ముడి పుండు పడ్డ చేతిలో పెట్టి, వాడి వేళ్ళు తానే మూసింది.

ఏడు బారల నీళ్ళు. సందియాగు అడుగుకు దించే బండరాతి మీద కాలుంచి దిగాడు. ఇసుకలో శంఖం పాకిన చార తాజాగా ఉంది. చెయ్యి చాచాడో లేదో నడుము దగ్గర తాడు బిగిసింది. పైకి వచ్చేశాడు.

"మూడుసార్లు గుంజావు మావా" అన్నాడు మిక్కేల్, పెదాలు పాలిపోయి.

ఆయన గుంజలేదు. నోటిదాకా వచ్చిన తిట్టును ఉప్పునీళ్ళతో కలిపి ఉమ్మేశాడు. "అవును. గుంజాను."

"శంఖమేదీ?" అన్నాడు తండేలు.

"గుక్క చాల్లేదు."

పడవలో ఒకడు కిసుక్కుమన్నాడు. "పన్నెండు బారల మొనగాడికి ఏడు బారలకే గుక్క చాల్లేదంట. తలుపు మీద రాసుకో పెద్దాయనా."

రెండో మునకా అంతే, మూడోదీ అంతే. "కాలు పట్టేసింది" అన్నాడొకసారి. "కళ్ళు మసకేశాయి" అన్నాడింకోసారి. ఎవరి ముందూ తగ్గని మనిషి ఉత్త చేతులతో పడవ అంచు పట్టుకుని నవ్వులన్నీ పడ్డాడు.

నాలుగోసారి ఆయన శంఖం వెతకలేదు. ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల పైకెత్తాడు. ఆకుపచ్చ మసకలో తాడు వదులుగా వేలాడుతోంది. నీటికి ఒరవడి లేదు, ఇసుక రేణువు కదలడం లేదు. ఆయన తలకు మూరెడు పైన తాడు ఒకచోట నొక్కుకుంది, పిడికిలి మూసినట్టు. కిందికి గుంజింది. ఆగింది. మళ్ళీ గుంజింది. మూడోసారి కూడా. ఆ నొక్కుకు దిగువన, ఆయన నడుము దాకా తాడు వదులుగానే ఉంది.

అప్పుడు పైనుంచి లాగారు.

మిక్కేల్ ఏడుస్తున్నాడు. "నువ్వు కాదు కదా మావా. పొద్దుట్నుంచీ నా కోసం అబద్ధమాడుతున్నావు."

"ఆడాను. నాలుగుసార్లలో ఒక్కసారీ నేను గుంజలేదు."

పడవలో నవ్వు ఆగిపోయింది.

"కానీ తాడు గుంజడం నిజం. ఇప్పుడే చూసొచ్చాను. నువ్వు సరిగ్గానే లాగావు."

"మరి ఆ రోజు..."

"ఆ రోజు లాగలేదు. అదీ నిజమే. నా కొడుకు పోయాడు. ఇవాళ నాలుగుసార్లు పిలిచాడు, నాలుగుసార్లూ లాగావు. ఇదీ నిజమే. ముక్కు చీదుకుని తాడు సరిగ్గా పట్టుకో, మళ్ళీ దిగుతున్నా."

"ఇక పోదాం సందియాగూ" అన్నాడు రాయప్పన్ మెల్లగా, నీళ్ళ వంక చూడకుండా.

ఆయన దిగేశాడు. కింద కాచుకుని కూర్చున్నాడు. ఏమీ రాలేదు. రొమ్ము మండేదాకా చూసి, చార వెంట పోయి శంఖం అందుకుని, ఒక్కసారి గుంజాడు. రెండోది గుంజే పని లేకుండానే కాళ్ళు ఇసుక వదిలాయి.

ఆ సాయంత్రం తలుపు మీద, మూడు ఘనతల పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాశాడు: నాలుగు మునకలు, ఉత్త చేతులు. తాడు పట్టింది మిక్కేల్. వచ్చిన వాళ్ళకు ఇప్పుడు ముందు అదే చదివి వినిపిస్తాడు.

ఆరేళ్ళు వాడే ఆయన తాడు పట్టాడు. మునకలు మానేశాక ఆ తాడు సవేరియాల్ వంటింటి గోడ చిలక్కొయ్యకు వేలాడుతోంది. ఎప్పుడైనా అన్నం తింటుండగా, గాలి లేకుండా, అది మూడుసార్లు ఊగుతుంది. మిక్కేల్ ఎడం చేత్తో దాన్ని ఒకసారి లాగి వదిలి మళ్ళీ అన్నం కలుపుకుంటాడు. సందియాగు కంచం వంక చూస్తాడు. సవేరియాల్ పులుసు వడ్డిస్తుంది. అది చూసి ఆ ఇంట్లో ఎవరూ నవ్వరు.