అరచేతిలో పాలు

ఆ రోజు ఉదయం వజ్రమ్మ పిన్ని తెచ్చిన పాల క్యాను ఎత్తబోతే నా నడుం పట్టేసింది. అంగలకుదురులో పదకొండేళ్లుగా పాల కేంద్రం నడుపుతున్నాను, రోజూ ఎత్తే క్యానే అది. వంగి వంగి పట్టేసిందిలే అనుకున్నాను. సాయంత్రానికి జ్వరం వచ్చింది. తెల్లారేసరికి చెమటతో దుప్పటి తడిసి జ్వరం పోయింది, సాయంత్రం మళ్లీ హాజరు.

మూడు వారాలు ఇదే వరస. ఊళ్లో ఆర్ఎంపీ టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు చేశాడు. తెనాలిలో ఒకరు మలేరియా టెస్టు, ఇంకొకరు ఎక్స్‌రే తీయించారు. అన్నీ నార్మల్. "అన్నీ నార్మలైతే నేను మంచం మీద ఎందుకున్నానండి?" అని అడిగేశాను. మా ఆయన మోచేత్తో పొడిచారు.

చివరికి తెనాలిలోనే ఒక లేడీ డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి, "ఏం పని చేస్తారమ్మా?" అన్నారు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది.

"పాల కేంద్రమండి."

"పచ్చిపాలు తాగుతారా?"

"తాగనండి. రుచి చూస్తానంతే."

మా దగ్గర ఫ్యాట్ మిషనుంది, లాక్టోమీటరుంది. అయినా అమ్మ నేర్పిన పద్ధతి మానలేదు. ప్రతి క్యానులోంచి నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకుని నాలుకతో చూడటం. పులిసిన పాలను మిషను కంటే ముందు నేనే పట్టేస్తానని గొప్ప. ముప్పై ఇళ్ల పాలు, రెండు పూటలా.

"ఈమధ్య మీ గేదె ఏదైనా ఈసుకుపోయిందా? నెలలు నిండకుండా దూడను వేసిందా?"

"లేదండి."

మా గేదె మల్లి ఏడో నెలలో చచ్చిన దూడను వేసింది. వట్టి చేతులతో లాగింది నేనే. కానీ పక్క గేదె కుమ్మడం వల్ల అలా అయిందని నా నమ్మకం, అందుకే చెప్పలేదు.

బ్లడ్ కల్చర్, బ్రూసెల్లా టెస్టు రెండూ పాజిటివ్ వచ్చాయి. "బ్రూసెల్లోసిస్. పశువుల నుంచి వస్తుంది. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఆరు వారాలు వాడాలి. ఒక్కరోజు కూడా మానకూడదు" అన్నారు డాక్టరు.

నాకు మాత్రం ఒకటే పట్టుదల, ఎవరి పాలో తేల్చాలని. వజ్రమ్మ పిన్ని గేదె ఎముకలు తేలి ఉంటుంది. ఇంకేం చూడాలి, రోగం దానిదేనని తేల్చేశాను.

"పిన్నీ, కొన్నాళ్లు నీ పాలొద్దు."

"నా గేదెకేం రోగమే?"

"నాకు తెలుసులే."

ఆవిడ నిండు క్యాను మోసుకుని వెనక్కి వెళ్లిపోయింది.

మూడో వారానికి జ్వరం తగ్గింది. మందుల వల్ల మూత్రం ఎర్రగా వస్తోంది, కడుపులో తిప్పుతోంది. జ్వరమే లేనప్పుడు మందెందుకని మానేశాను. పన్నెండు రోజులకు జ్వరం తిరిగొచ్చింది, ఈసారి మంచం దిగలేకపోయాను. ఎంఆర్ఐలో వెన్నెముకకు ఇన్‌ఫెక్షన్ పాకిందని తేలింది.

"మందులు ఎవరు మానమన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండి. నేనే."

"అయితే మళ్లీ మొదటి నుంచి. ఈసారి మూడు నెలలు, ఇంజెక్షన్లతో సహా."

భయమేసింది. ఇక లేవనేమో అనిపించింది. నేను మందు వేసుకోగానే కేంద్రం గోడ మీద సుద్దముక్కతో రోజుకో గీత పెట్టమని మా ఆయనకు చెప్పాను. ఒక్క గీత కూడా తప్పలేదు.

కాస్త నడవగలిగాక పశువుల డాక్టరుగారికి కబురు పెట్టాను. ముప్పై ఇళ్ల పాలు, సీసా సీసాకీ నంబరు వేసి ల్యాబుకు పట్టుకెళ్లారు. నేనూ వెంట వెళ్లి కూర్చున్నాను. "ఈ నీలం మందు పాలల్లో కలిపి గంట ఉంచుతామమ్మా. రోగముంటే పైన మీగడలో నీలం ఉంగరం కడుతుంది" అన్నారు.

వజ్రమ్మ పిన్నిది పదిహేడో నంబరు. మీగడ తెల్లగా ఉంది. ఉంగరం కట్టింది ఒక్క గొట్టంలోనే, ఒకటో నంబరు. అది మా మల్లి. తర్వాత దాని రక్తం పరీక్షలోనూ అదే తేలింది. అది ఈసుకుపోయింది ఈ రోగంతోనే, దూడను వట్టి చేతులతో లాగినప్పుడే నాకు అంటి ఉంటుందన్నారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మర్నాడు పిన్నిని క్యానుతో రమ్మని కబురు పెట్టి, పాలు పోసేవాళ్లందరి ముందూ చెప్పాను. "పిన్నీ, నీ గేదె శుభ్రంగా ఉంది. రోగం మా మల్లికి. నీకు అన్యాయం చేశాను."

ఆవిడ "నీ నడుమెట్టా ఉంది?" అంది.

"తగ్గుతోంది పిన్నీ."

"అయితే క్యాను అందుకో."

అందుకున్నాను, ఏడుస్తూనే.

రేపల్లె నుంచి ఒక పశువుల బేరగాడొచ్చి, మల్లిని ఎవరికీ తెలియకుండా తీసుకుపోతానన్నాడు. అక్కడ ఇంకో ఆడమనిషి దాని దూడను లాగుతుందని అతన్ని వెనక్కి పంపేశాను. మల్లి విడిగా కట్టేసి ఉంది, దాని పాలు ఎవరికీ పోయడం లేదు.

మందులు పూర్తయి ఏడాది దాటింది. చలికాలం పొద్దున్నే నడుం కాస్త బిగుస్తుంది. కేంద్రంలో ఇప్పుడు చిన్న స్టవ్వు పెట్టాను. ఏ క్యాను మీదైనా అనుమానం వస్తే గరిటెడు పాలు పొంగే దాకా కాచి, చల్లార్చి అప్పుడు చూస్తాను. "పంతులమ్మ పరీక్ష మొదలెట్టింది" అని వజ్రమ్మ పిన్ని అందరినీ నవ్విస్తుంది.

వారం దాటినా జ్వరం పోకపోతే, డాక్టరు అడిగినా అడగకపోయినా, మీరు చేసే పనీ, మీ పశువులకు జరిగిందీ దాచకుండా చెప్పండి. ఆ రోజు నేనన్న "లేదండి" వల్లనే వజ్రమ్మ పిన్ని నిండు క్యానుతో వెనక్కి నడిచింది.