తట్టి వినే మనిషి

గోవాలో చూసొచ్చినట్టే ఆదోనిలో తన మిద్దె మీద వెదురు బార్ కట్టించాలని మా అన్న ఎమ్మిగనూరు నుంచి ఒక మేదరాయనను పిలిపించాడు. ఆయన ప్రతి బొంగునూ రెండు వేళ్లతో తట్టి, తల వాల్చి వినేవాడు.

"ఇది వద్దప్పా. లోపల పురుగు తింటాంది."

నేనూ చెవి పెట్టి చూశాను. నాకేమీ వినబడలేదు.

"పైకి బాగనే ఉండాది కదా?" అన్నాడు అన్న, చేతిలో గ్లాసుతో.

"పిండి రాలినంక తెలుస్తాది. అప్పటికి చేసేదేం ఉండదు."

అంటూ ఆయన మా అన్న వాచిన పాదాలకేసి చూశాడు.

ఏడాదిపాటు అన్న రోజూ ఆ బార్‌లోనే కూర్చున్నాడు. నిన్న కర్నూలులో డాక్టరు మా అన్న ఉబ్బిన కడుపును రెండు వేళ్లతో తట్టి, అచ్చం మేదరాయనలాగే తల వాల్చి విన్నాడు.

తర్వాత నన్నొక్కణ్ణే బయటికి రమ్మన్నాడు.