పసుపు లైటు ఆరేదాకా కారు తీయని మా ప్రభుదాస్ బావ

నిన్న పొద్దున్నే గోదావరిఖని నుంచి మా సుగుణక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావ లేస్తలేడు" అన్నది.

నాకు నవ్వొచ్చింది. రిటైరయ్యాక బావకు పొద్దుటి నిద్ర అంటే పండగే. ఇన్నేళ్లు ఫస్ట్ షిఫ్టుకు లేచింది చాలు అనేవాడు. ముఖం మీద నీళ్లు చల్లక్కా అన్నాను.

"చల్లిన తమ్మీ" అన్నది అక్క.

అప్పుడు అర్థమైంది.

మా ప్రభుదాస్ బావ నిద్రలోనే వెళ్ళిపోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టర్. నొప్పి కూడా తెలిసి ఉండదన్నాడు.

సాయంత్రం సమాధి దగ్గర ఏడ్చినవాళ్ళందరూ మధ్యమధ్యలో నవ్వారు. బావ గురించి ఏం చెప్పబోయినా నవ్వే ముందొస్తుంది మరి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. బావ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్. ఇల్లంత బండి, టైరే మనిషికన్నా ఎత్తు. సర్వీసంతా దాని మీదే గడిచింది. రిటైరయ్యాక ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు.

బండి చిన్నదైంది గానీ బావ మారలేదు.

గనిలో డంపర్ కదిలే ముందు హారన్ కొట్టాలి. ముందుకైతే రెండు, వెనక్కైతే మూడు. బావ ఇంటి ముందు కూడా అదే రూల్. మూడు హారన్లు వినబడితే ఆ గల్లీలో కోళ్ళు కూడా పక్కకు జరిగేవి.

పోయినేడు అక్కావాళ్ళు కొత్తిల్లు కట్టుకున్నారు. ఆదివారం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. అమ్మ బెల్లంపల్లిలో నా దగ్గరే ఉంటుంది. అత్తను నేనే వచ్చి కారులో తీసుకుపోతానని బావ మాటిచ్చాడు. ఇంకేముంది, అల్లుడు కారేసుకొని వస్తున్నాడని అమ్మ వాడంతా చెప్పుకుంది.

సరిగ్గా ఆ వారమే కమాన్‌పూర్ రోడ్డు మీద కారు పెద్ద గుంతలో పడింది. స్టీరింగ్ దెబ్బతిన్నది.

మెకానిక్ యాకూబ్ భాయ్ బావకు పాత దోస్తు. పాడైన పార్టులన్నీ మార్చి రెడీ చేశాడు. స్టీరింగ్ హాయిగా తిరుగుతోంది. కానీ మీటర్ బోర్డులో కొత్తగా ఒక పసుపు లైటు వెలిగింది. జారుతున్న కారు బొమ్మ.

దాన్ని స్టెబిలిటీ కంట్రోల్ అంటారట. బండి అదుపు తప్పబోతే సర్దే సిస్టమ్. అది పనిచేయట్లేదని ఆ లైటు అర్థం.

యాకూబ్ భాయ్ బ్యాటరీ వైరు తీసి పెట్టాడు. లైటు ఆరింది. చౌరస్తా దాకా వెళ్ళేసరికి మళ్ళీ వెలిగింది. ఫ్యూజులు చూశాడు, బాగానే ఉన్నాయి. చక్రాల దగ్గరి సెన్సార్ల మీద బొగ్గు దుమ్ము తుడిచాడు. లైటు కదల్లేదు. బ్రేకులూ స్టీరింగూ బాగున్నాయి, ఫికర్ చేయకుండా పోయి రమ్మన్నాడు. ఇంకెవరో దాని మీద స్టిక్కర్ అంటించమన్నారు.

బావ ఒప్పుకోలేదు.

"బత్తి వెలుగుతుంటే గనిల్నే బండి తియ్యలె. ఇప్పుడు అత్తను కూసోవెట్టుకొని తీస్తనా?"

నేను ఇక్కడినుంచి వేరే కారు మాట్లాడతానన్నాను. ఈసారి అమ్మ ఒప్పుకోలేదు. వస్తానన్నది అల్లుడు, కాబట్టి అల్లుడే రావాలంది.

లైటు ఆరనిదే ఆయన కదలడు. ఆయన రానిదే ఈమె కదలదు. మధ్యలో నా ఫోన్ వేడెక్కిపోయింది.

శనివారం యాకూబ్ భాయ్ మరోసారి చూద్దామని బావతో ఖాళీ రోడ్డు మీద కారు నడిపించాడు. తను వెనక సీట్లో. పక్క సీట్లో మా అక్క. పిండివంటలు సగంలో వదిలేసి, ఈ పంచాయితీ ఏదో నేనే తేలుస్తానని ఎక్కింది.

కొంతదూరం పోయాక అక్క అడిగింది.

"రోడ్డు సీదా ఉన్నది, బండి సీదా పోతంది. నీ చేతులేంది ఓ దిక్కు వంగినయి?"

యాకూబ్ భాయ్ ముందుకు వంగి చూశాడు. నిజమే. ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. కారు ఆపమని చెప్పి, తన నెత్తి మీద తనే కొట్టుకున్నాడు.

రిపేర్ అయ్యాక స్టీరింగ్ కాస్త వంకరగా కూర్చుంది. అది ఎంత తిరిగిందో కొలిచే సెన్సార్ ఒకటుంటుందట. కారు తిన్నగా పోతున్నా, మలుపు తిరుగుతున్నామని ఆ సెన్సార్ చెప్తోంది. రెండు లెక్కలూ కలవక సిస్టమ్ లైటు వేసి కూర్చుంది.

వెంటనే అలైన్‌మెంట్ చేయించి స్టీరింగ్ తిన్నగా పెట్టారు. స్కానర్ తగిలించి, ఇదే సీదా అని సెన్సార్‌కు నేర్పారు.

లైటు ఆరిపోయింది. ఎంత తిప్పినా మళ్ళీ రాలేదు.

యాకూబ్ భాయ్ ఆ రోజు నుంచి అక్కను "ఇంజినీర్ వదినా" అనే పిలుస్తాడు. బావైతే చర్చిలో, టీ కొట్టులో, దవాఖానలో లైన్లో నిలబడి కూడా ఈ కథ చెప్పాడు. ఒక్కసారి కూడా క్రెడిట్ తను తీసుకోలేదు.

ఆదివారం పొద్దున్నే మా గల్లీలో మూడు హారన్లు మోగాయి. బావ కారును రివర్స్‌లో మా గడప దాకా తెచ్చాడు. అమ్మ బైబిల్ ఒళ్ళో పెట్టుకొని ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక.

బావ ఎంత జాగ్రత్తగా నడిపాడంటే సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. మంచిర్యాల దాటి గోదావరి బ్రిడ్జి దిగేదాకా ఓపిక పట్టి, అమ్మ బావతో అన్నది.

"కొడుకా, గింత నిమ్మళంగ పోతవని ఎరుకుంటే నిన్ననే బయలెల్లుదుము గద."

బావకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ బండి నడపకూడదని పక్కకు తీసి ఆపాడు. ముగ్గురం అక్కడే కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

ప్రార్థనకు లేటయింది. ఎందుకు లేటని పాస్టరుగారు అడిగారు. బావ లేచి చెప్పబోయి మళ్ళీ నవ్వాడు. కొత్తింట్లో మొట్టమొదట వినిపించింది ఆ నవ్వే.

ఈ పొద్దున అక్క దగ్గర కూర్చొని, బావ గురించి ఏమన్నా రాయనా అని అడిగాను.

"రాయి. గానీ ఏడుపు రాయకు. ఆయన నన్ను ఏడిపియ్యలె."

అందుకే ఇలా రాశాను.

ఉంటాం బావా. దేవుడి ఒడిలో చల్లగా, నిశ్చింతగా నిద్రపో.