అడవిజొన్నకు నేను రాసిన చీటీ

2023 జూన్‌లో, నర్సీపట్నంలోని మా డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబుకు రమణమ్మ గారు తడిగుడ్డలో చుట్టిన గడ్డి దుబ్బు పట్టుకొచ్చారు. బలిఘట్టంలో ఆవిడకున్నది ఒక్క పాడిగేదె. చెరకుతోట గట్టున మొలిచిన ఆ గడ్డి దానికి వేయొచ్చా అని అడిగారు.

గడ్డిజాతిని గుర్తుపట్టడం కళ్ళు లాగేసే పని. పువ్వు గోరంత కూడా ఉండదు. ఒక్కొక్క లక్షణమే సరిచూసుకుంటూ పేరుదాకా వెళ్ళే పట్టికను మేం 'కీ' అంటాం. దాన్నీ లెన్స్‌నీ ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. నేలలో పాకే రైజోమ్, అంటే దుంపలాంటి కాండం, కనిపించాక అనుమానం తీరింది. సోర్గమ్ హాలెపెన్స్. మన జొన్నకు అడవి చుట్టం. ఎండబెట్టి షీటుకు అంటించి, చీటీ మీద పేరు, కింద 'బహువార్షికం' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. కాస్త గర్వపడ్డాను కూడా, దాచడమెందుకు!

"పశువులు తినే గడ్డేనమ్మా, నిశ్చింతగా వెయ్యండి," అని ఫోన్ చేసి చెప్పాను.

ఆగస్టులో వానలు ముఖం చాటేశాయి. ఓ ఉదయం క్లాసులో ఉండగా ఫోన్ మోగింది.

"మేడం గారూ, గేద కింద పడిపోనాది! నురగలు కక్కేస్తంది. పశువుల డాక్టరు గారు గడ్డి పేరడుగుతున్నారు, బేగి సెప్పండి!"

చెప్పాను. డాక్టరు ఫోన్ అందుకున్నారు. "కచ్చితమేనా మేడం? జొన్నజాతి అయితే సైనైడ్ విషం. విరుగుడు వెంటనే ఎక్కించాలి."

"కచ్చితమే," అన్నాను. ఫోన్ పెట్టేసి ల్యాబుకు వెళ్ళాను. షీటు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను. దారంతా ఒకటే గుబులు. ఎక్కడైనా పొరబడ్డానా? నేను పొరబడితే ఆయన ఎక్కించేది పనికిరాని మందు. ఆ ఇల్లు నడిచేది ఆ గేదె పాల మీదే.

వెళ్ళేసరికి మందు ఎక్కుతోంది. గేదెవైపు చూడలేక గట్టుకు పరుగెత్తి, దుబ్బు పెకలించి తెచ్చి షీటు పక్కన పెట్టాను. అదే రైజోమ్. పేరు తప్పలేదు. హమ్మయ్య అనబోయి ఆగిపోయాను. కోసిన మోళ్ళ మీద వచ్చిన కొత్త మొలకలు జానెడు ఎత్తు కూడా లేవు.

"అదే మేడం అసలు సంగతి," అన్నారు డాక్టరు. "కోసిన దుబ్బు మళ్ళీ చిగురిస్తుంది. వాన లేనప్పుడు ఆ లేతమొలకలో విషం ఎక్కువ. ముదిరి పూసిందైతే ఇంత భయం ఉండదు."

జూన్‌లో నేను చూసింది పూసిన గడ్డి. మొదలు బతికుండి ఏటా మళ్ళీ మొలిచేదనే కదా బహువార్షికమంటే! నా చేత్తో నేను రాసిన మాటే.

గంట తర్వాత గేదె తల ఎత్తింది. ఇంకాసేపటికి తడబడుతూ లేచింది. రమణమ్మ గారు దాని మెడ నిమురుతూ, నావైపు చూడకుండానే అన్నారు.

"పేరు సెప్పేరు గానండీ, ఎప్పుడెయ్యకూడదో సెప్పనేదు."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో తల దించుకున్నాను.

పేరు చెప్పేస్తే నా పని అయిపోదని ఆ రోజు తెలిసింది. చీటీ మీద ఎర్రసిరాతో 'లేతమొలక విషం' అని చేర్చాను. ఇప్పుడెవరు గడ్డి తెచ్చినా, లెన్స్ తీసే ముందు "దేనికండీ ఇది? ఎప్పుడెప్పుడు కోస్తారు?" అని అడుగుతాను. రమణమ్మ గారు మాత్రం మళ్ళీ ఏ గడ్డీ తేలేదు.