రోజుకో రోగం

మా మాస్టారికి ఆరోగ్యంగా ఉండటం చేతకాదు. ఉదయం క్లాసు గుమ్మం దాకా నిక్షేపంలా నడిచి వచ్చేవారు. గుమ్మం దాటగానే ఏదో ఒక రోగం తగులుకునేది. సోమవారం నడుంనొప్పి, మంగళవారం కళ్లు తిరగడం, బుధవారం కడుపులో మంట. మూలుగుతూ వెళ్లి బల్లమీద పడుకునేవారు. సాయంత్రం నాలుగయ్యేసరికి అన్నీ కుదిరిపోయి, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్లిపోయేవారు.

ఆయన పని మమ్మల్ని ఆసుపత్రి దుబాసీలుగా తయారుచేయడం. రోగికి ఒక భాష, డాక్టరుకి ఇంకో భాష. మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయాలి. కలపకూడదు, తీసెయ్యకూడదు. రోగి "నాకు నొప్పి" అంటే మనమూ "నాకు నొప్పి" అనే చెప్పాలి. నేను మొదటిసారి వార్డుకి వెళ్లినప్పుడు ఒక రోగి ఊపిరాడట్లేదన్నాడు. నేను కొత్త నర్సుతో "నాకు ఊపిరాడట్లేదు" అన్నాను. ఆమె అతన్ని వదిలేసి నన్ను మంచమెక్కించి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టింది. మాస్టారికి చెబితే, "భేష్, అంత బాగా చెప్పావన్నమాట" అని మురిసిపోయారు.

క్లాసులో నా వంతు వస్తే మాత్రం మాస్టారికి నోరు పారేసుకునే జబ్బు వచ్చేది.

"ఈ డాక్టరు మొహం చూస్తేనే నాకు జ్వరం పెరుగుతోందని చెప్పు."

నేను మర్యాదస్తురాలిని. డాక్టరు వేషంలో ఉన్న పక్కమ్మాయితో, "నాకు కాస్త నీరసంగా ఉందండి" అనేదాన్ని.

"నేనన్నది అదా?"

"బాగుండదని మార్చాను మాస్టారూ."

"మార్చడానికి నువ్వెవరమ్మా? తిట్టింది నేను."

పిన్ని వంతుకి ఆయనకి చెవుడు వచ్చేది. పిన్ని అంటే మా అందరిలోకీ పెద్దావిడ. పన్నెండేళ్లు అదే ఆసుపత్రిలో నేల తుడిచి ఈ క్లాసులో చేరింది. రెండు భాషలూ ఆవిడకి మంచినీళ్ల ప్రాయం. కానీ తెల్లకోటు కనబడితే చాలు, గొంతు లోపలికి పోయేది. అప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. రెండోసారీ తప్పితే ఇంక అవకాశం లేదు, మళ్లీ తుడుపుకర్రే.

"ఎన్నాళ్ల నుంచి నొప్పి?" అని గొణిగేది పిన్ని.

"ఏమిటమ్మా?"

"ఎన్నాళ్ల నుంచి నొప్పి?"

"చెవుడమ్మా నాకు. కాస్త గట్టిగా."

ఐదోసారికి పక్కగది గుమాస్తా తొంగిచూసి, తనకి నొప్పేమీ లేదని చెప్పి వెళ్లేవాడు.

నాకు ఒళ్లు మండేది. అసలే భయపడే మనిషిని ఇలా ఏడిపించడం ఏం పద్ధతి? ఒకరోజు ఉండబట్టలేక, వెనకబెంచీలో పక్కమ్మాయి చెవిలో, "ఈయనకి చెవుడు కాదు, పొగరు" అన్నాను.

"పొగరుకి మందు లేదమ్మా" అన్నారు మాస్టారు, గోడవైపు తిరిగి పడుకునే.

పరీక్షరోజు పిన్ని లోపలికి వెళ్లింది. అక్కడ ముగ్గురు నిజం డాక్టర్లు. మేం మూసిన తలుపు బయట నిలబడ్డాం. ఆవేళ మాస్టారికి ఏ రోగమూ లేదు, అయినా మనిషి పాలిపోయి ఉన్నారు. చాలాసేపు చడీచప్పుడూ లేదు. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు వినబడింది పిన్ని గొంతు, వరండా చివరిదాకా.

"డాక్టరుగారూ, మీరు నోట్లో నోట్లో మాట్లాడితే ఎలాగండీ? రోగికి వినబడట్లేదు. గట్టిగా చెప్పండి."

మాస్టారు అక్కడే నేలమీద కూలబడి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పిన్ని గట్టెక్కింది. ఆ సాయంత్రం నేను మాస్టారిని అడిగేశాను.

"ఆవిడకే ఎందుకు మాస్టారూ చెవుడు?"

"గొంతు చాలట్లేదని పదిమంది ముందూ అంటే ఉన్నది కూడా పోతుంది. లోపం నా చెవులదైతే ఆవిడకి నామోషీ ఏముంది?"

"మరి నాకు ఆ తిట్లు?"

"నువ్వు రోగి కోపాన్ని దాచేస్తావు. ఆ కోపంలోనే సగం జబ్బు తెలుస్తుందమ్మా."

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆయన రోగాలన్నీ మావేనని అప్పటికిగానీ తెలియలేదు. ఆయనేమో వచ్చే బ్యాచి జాబితా ముందేసుకుని కూర్చున్నారు.

"ఇందులో ఒకతను ఎదుటివాళ్లని మాట పూర్తిచెయ్యనివ్వడట. నాకు ఏం వస్తే బాగుంటుందంటావు?"

కాస్త ఆలోచించాను. "ఆయాసం. మాటకీ మాటకీ మధ్య ఎంతసేపైనా ఆగొచ్చు."

"నాకూ అదే తోచింది" అని, మాస్టారు అప్పుడే రొప్పడం మొదలుపెట్టారు.