అత్త తెడ్డు

మొన్న మనవడు సెల్లులో ఒక బుల్లి పడవ చూపించాడు. దానికి తెడ్డూ ఉంది, బ్యాటరీ మోటారూ ఉంది. చేపలకైనా వేటకైనా ఒక్కడే పోవచ్చట. "ఇంకో మనిషి అక్కర్లేదవ్వా" అన్నాడు గొప్పగా. ఈ ముక్క నేను నలభై ఏళ్ల కిందటే నంద్యాలలో మా మామ నోట విన్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న, మిషను బడిలో అయ్యవారు. పిల్లల్లేరు. సెలవు దొరికితే ఆయనా అత్తా చిన్న పడవేసుకుని చెరువు మీదే ఉండేవారు. వెనక అత్త తెడ్డు వేసేది, ముందు మామ వల విసిరేవాడు. చలికాలమైతే తుపాకీ పట్టుకుని బాతుల కోసం పొంచి ఉండేవాడు. చేపలు పడుతుంటే ఆయనకు ఒళ్లు తెలిసేది కాదు. "ఇంగ చాలు, పోదాం" అని పడవ తిప్పేది అత్తే.

అత్త పోయాక మామ పాత జీపు డైనమో ఒకటి తెచ్చి, ఫ్యాను రెక్కలు బిగించి, లారీ బ్యాటరీ తగిలించాడు. ఆ బ్యాటరీని అత్త కూర్చునే చోటే పెట్టాడు. ఎందుకీ తంటా అంటే, "తెడ్డు చప్పుడుకు బాతులు లేస్తాండాయి" అనేవాడు. ఆ మోటారు మోతకు బాతులేం ఖర్మ, గట్టు మీది గొర్రెలు కూడా బెదిరేవి. ఒక్క బాతును తెచ్చిన పాపాన పోలేదు.

ఆయన్ను ఆళ్లగడ్డకు, మా ఇంటికి తెచ్చుకోవాలని అమ్మ పట్టు. "ఒక్కడివే ఈడ ఏం చేస్తావన్నా?" అంటే, "మోటారుండాది గదా" అనేవాడు. మళ్లీ అడుగుదామని అమ్మా నేనూ వెళ్లిన సాయంత్రం ఇంట్లో మామ లేడు. గోడకు ఆనించిన తెడ్డు మాత్రం ఉంది. అత్త చేతుల్లో నున్నగా అరిగిన తెడ్డది. దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, తనూ ముట్టేవాడు కాదు. చెరువు గట్టుకు పోయి చూస్తే, బ్యాటరీ అయిపోయి నడి చెరువులో కూర్చుని ఉన్నాడు. కేకైనా వేయడం లేదు. చేపలవాళ్లు తమ గుండ్రటి పుట్టి పడవ వేసుకుని పోయి, తాడు కట్టి లాక్కొచ్చారు.

"బ్యాటరీ అయిపోతాదని తెలీదా నీకు?" అని అమ్మ కోప్పడింది.

"తెలుసు. ఎప్పుడు తిరుక్కోవాల్నో ఆమె చెప్తాండె. నాకది చేతగాదు మే" అన్నాడు మామ.

మర్నాడు మాతో ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఒక సంచి, ఆ తెడ్డు. టాపు మీద వేయమని కండక్టరు ఎంత చెప్పినా వినలేదు. శిరివెళ్ల దాటినా ఒళ్లో అడ్డంగా పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మా ఇంటి దగ్గర చెరువేమీ లేదు.

ఇప్పుడు నేను ఆనాటి మామ వయసు దాటిపోయాను. మా ఆయన పోయాక, పొద్దుగూకే వేళకు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. పొద్దుపోయిందని గుర్తు చేసి, "ఇంగ చాలు, పోదాం" అనే మనిషి పక్కన ఉండడమే భాగ్యమని ఇన్నేళ్లకు తెలిసింది.